బాలా, హీటనా, లైడ్జెనా? ఇత్తడి బ్యాండ్ భక్తి సంగీతాన్ని ఎవరితో మొదలుపెట్టాలి

సాల్వేషన్ ఆర్మీ (రక్షణ సైన్యం అనే క్రైస్తవ సేవాసంస్థ) బ్యాండ్ల సంగీతం విందామని కూర్చుంటే మొదటి రోజే ఒక చిక్కు వస్తుంది. స్వరకర్తల పేర్లు డజన్ల కొద్దీ కనిపిస్తాయి. ఎవరిని అడిగినా తమకు ఇష్టమైన పేరే చెబుతారు. నేను అలా ఒకరి మాట మీద విల్‌ఫ్రెడ్ హీటన్‌తో మొదలుపెట్టాను. మూడు నిమిషాలకే ఆపేశాను. ఈ సంగీతం మనకు పట్టేది కాదులే అనుకుని ఏడాది పాటు దాని జోలికే పోలేదు. తర్వాత ఎరిక్ బాల్‌ను విన్నాక అర్థమైంది, నేను కింది మెట్లు వదిలేసి పై మెట్టు మీద కాలు పెట్టబోయానని. ఇప్పుడు హీటన్ అంటే నాకు ప్రాణం. కానీ ఆ ఏడాది మాత్రం తిరిగి రాదు. మీకు అలా జరగకూడదనే ఇది రాస్తున్నాను.

ఇక్కడ చూడబోయేది ఐదుగురిని: ఎరిక్ బాల్, విల్‌ఫ్రెడ్ హీటన్, ఎరిక్ లైడ్జెన్, రే స్టెడ్‌మన్-అలెన్, డీన్ గాఫిన్. ఐదుగురూ సాల్వేషన్ ఆర్మీ ఒడిలో పెరిగినవారే. దాదాపు ఒకే రకం వాద్యాలకు రాశారు. కానీ ఒకరి జీవితానికీ ఇంకొకరి జీవితానికీ పోలిక లేదు. వారి సంగీతం వేర్వేరుగా వినిపించడానికి ఆ జీవితాలే చాలావరకు కారణం.

ముందు ఈ బ్యాండ్ అంటే ఏమిటో

బాపట్ల, నిడుబ్రోలు వైపు వారికి రక్షణ సైన్యం పేరు కొత్త కాదు. అక్కడి ఇవాంజిలిన్ బూత్ ఆసుపత్రులు ఆ సంస్థవే. 1865లో లండన్ తూర్పు వాడల్లో విలియం బూత్ మొదలుపెట్టిన సేవాసంఘం 1878లో సాల్వేషన్ ఆర్మీ అనే పేరు తీసుకుంది. 1882లో ముంబైలో అడుగుపెట్టింది. బ్యాండ్ కూడా ఆ 1878లోనే పుట్టింది. సాలిస్‌బరీలో చార్లెస్ ఫ్రై అనే ఇళ్లు కట్టే మేస్త్రీ, ఆయన ముగ్గురు కొడుకులు వీధి ప్రార్థనల దగ్గర ఇత్తడి వాద్యాలు వాయించడం మొదలుపెట్టారు. వీధిలో వాక్యం చెప్పేవారిని అల్లరిమూకలు కేకలతో అడ్డుకునేవి. ఇత్తడి మోతకు ఆ కేకలు అణిగేవి, జనం కూడా పోగయ్యేవారు. అంటే ఈ సంగీతం కచేరీ కోసం పుట్టలేదు. వీధిలో నలుగురిని నిలబెట్టడానికి పుట్టింది. ఐదుగురిలో ఎవరిని విన్నా ఈ మూలం ఎక్కడో ఒకచోట తగులుతూనే ఉంటుంది.

బ్యాండ్ అనగానే మనకు పెళ్లి ఊరేగింపులో బ్యాండ్ మేళం గుర్తొస్తుంది. ఆ ట్రంపెట్ల పదును, క్లారినెట్ల గమకాలు ఇక్కడ ఉండవు. పూర్తి బ్రిటిష్ బ్రాస్ బ్యాండ్‌లో సుమారు 25 ఇత్తడి వాద్యాలు ఉంటాయి: సన్నటి సొప్రానో ఒకటి కలుపుకుని 10 కార్నెట్లు, ఒక ఫ్లూగెల్ హార్న్, 3 టెనార్ హార్న్‌లు, 2 బారిటోన్‌లు, 2 యూఫోనియమ్‌లు, 3 ట్రాంబోన్‌లు, 4 బాస్‌లు (పెద్ద ట్యూబాలు). వీటికి తోడు డ్రమ్ములు. కార్నెట్ చూడ్డానికి పొట్టి ట్రంపెట్‌లా ఉన్నా గొట్టం క్రమంగా వెడల్పవుతూ పోతుంది కాబట్టి శబ్దం మెత్తగా, గుండ్రంగా వస్తుంది. అందరూ కలిసి నెమ్మదిగా ఒక కీర్తన వాయిస్తే చర్చిలో పెద్ద ఆర్గాన్ మోగినట్టు ఉంటుంది.

ఎంచుకునే ముందు చూసుకోవలసినవి

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది: అందులోని కీర్తన మీకు తెలియకపోయినా ఆ సంగీతం మీతో మాట్లాడుతుందా?

త్యాగరాజ కృతిని వీణ మీదో నాదస్వరం మీదో వింటున్నప్పుడు సాహిత్యం తెలిసినవారి మనసులో మాటలు వాటంతట అవే నడుస్తాయి. తెలియనివారు రాగాన్ని ఆస్వాదిస్తారు, సంతోషిస్తారు, కానీ ఆ మాటలు వారికి అందవు. సాల్వేషన్ ఆర్మీ సంగీతమంతా ఈ సూత్రం మీదే కట్టారు. స్వరకర్త ఒక కీర్తన ట్యూన్ తీసుకుంటాడు, విడగొడతాడు, దాస్తాడు, చివరికి పూర్తిగా వినిపిస్తాడు. దాని మాటలు వింటున్నవారికి తెలుసన్న ధీమాతోనే ఇదంతా చేస్తాడు. ఇంగ్లిష్ కీర్తనలు వింటూ పెరగని తెలుగువారికి ఇది నిజమైన అడ్డంకి. అందుకే ఏ స్వరకర్త ఆ మాటల మీద ఎంత ఆధారపడ్డాడో ముందు చూసుకోవాలి.

రెండోది, మీరు వినడానికే ఎంచుకుంటున్నారా, వాయించడానికా? వినడానికి గొప్పగా ఉన్నది ఎనిమిది మంది ఉన్న చర్చి బృందం చేతిలో చెడిపోవచ్చు.

మూడోది జీవితకథ. కొందరికి మనిషి తెలిస్తే గానీ సంగీతం తెలియదు. నేనూ ఆ కోవకే చెందుతాను.

ఇంకొక సంగతి కూడా తెలిసి ఉండాలి. సాల్వేషన్ ఆర్మీ బ్యాండ్లు సంస్థ ప్రచురించిన సంగీతం మాత్రమే వాయించాలని, సంస్థ ప్రచురణలు బయటి బ్యాండ్లకు ఇవ్వకూడదని చాలాకాలం నియమం ఉండేది. 1990ల ఆరంభంలో గానీ అది సడలలేదు. బయట మాత్రం బ్యాండ్ పోటీల లోకం వేరే ఉంది. 1853 నుంచి మాంచెస్టర్ బెల్ వ్యూలో, తర్వాత లండన్ జాతీయ పోటీల్లో గనుల బ్యాండ్లు, మిల్లుల బ్యాండ్లు ఒకే రచనను వాయిస్తూ తలపడేవి. సాల్వేషన్ ఆర్మీ బ్యాండ్లు పోటీలకు వెళ్లవు. మధ్యలో ఇలాంటి గోడ ఉన్నప్పుడు ఒక స్వరకర్త ఏ వైపున నిలబడ్డాడన్నది చిన్న విషయం కాదు.

| స్వరకర్త | కీర్తన తెలియకుండా వినగలమా | వాయించడం | జీవితకథ | మొదట వినవలసినది |
|---|---|---|---|---|
| ఎరిక్ బాల్ (1903–1989) | హాయిగా | మార్చ్‌లు మధ్యస్థం, పెద్దవి కష్టం | చాలా బలమైనది | రెసర్గామ్ |
| విల్‌ఫ్రెడ్ హీటన్ (1918–2000) | వినగలం, ఓపిక కావాలి | చాలా కష్టం | బాధపెట్టేది | ప్రెయిజ్ మార్చ్ |
| ఎరిక్ లైడ్జెన్ (1894–1962) | హాయిగా | కీర్తన అమరికలు సులభం, సోలోలు కష్టం | ఆసక్తికరమైనది | సాంగ్ ఆఫ్ ద బ్రదర్ |
| రే స్టెడ్‌మన్-అలెన్ (1922–2014) | కొంత కష్టం | కష్టం | ప్రశాంతమైనది | లార్డ్ ఆఫ్ ద సీ |
| డీన్ గాఫిన్ (1916–1984) | హాయిగా | మధ్యస్థం | నిండైనది | ద లైట్ ఆఫ్ ద వరల్డ్ |

ఎరిక్ బాల్: గోడకు రెండు వైపులా బతికినవాడు

ఒక్కరినే ఎంచుకోమంటే నేను బాల్‌నే చెబుతాను. కారణాలు చెప్పాలంటే ఆయన కథ చెప్పాలి.

ఇంగ్లాండ్‌లో బ్రిస్టల్ దగ్గరి కింగ్స్‌వుడ్‌లో 1903 అక్టోబర్ 31న పుట్టారు. కుటుంబమంతా సాల్వేషన్ ఆర్మీ. కుర్రవాడిగా ఉండగానే లండన్‌లోని సంస్థ సంగీత విభాగంలో పనికి కుదిరారు. మార్చ్‌లు, ధ్యాన రచనలు, పెద్ద స్వరకావ్యాలు వరసగా రాశారు. ‘స్టార్ లేక్’ మార్చ్, ‘టార్చ్‌బేరర్స్’ మార్చ్ ఆ రోజులవే. 1942లో సంస్థలో అత్యున్నతమైన ఇంటర్నేషనల్ స్టాఫ్ బ్యాండ్‌కు బ్యాండ్‌మాస్టర్ అయ్యారు. అంతకు మించి ఎక్కడానికి మెట్టు లేదు.

రెండేళ్లకే, 1944లో, సంస్థను వదిలి వెళ్లారు. చనిపోయినవారి ఆత్మలతో సంబంధం సాధ్యమని నమ్మే స్పిరిచ్యువలిజం వైపు ఆయన మనసు మళ్లింది. అది సంస్థ విశ్వాసానికి సరిపడేది కాదు. పుట్టిన ఇల్లు, ఉద్యోగం, తన సంగీతం వాయించే బ్యాండ్లు, అన్నీ ఒక్కసారే చేజారాయి. అప్పటికి ఆయనకు 40 దాటాయి.

అక్కడితో ఆగిపోయినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. బాల్ మాత్రం పోటీల బ్యాండ్ల వైపు నడిచారు. 1946లో బ్రిగ్‌హౌస్ అండ్ రాస్ట్రిక్ బ్యాండ్‌ను నడిపించి జాతీయ పోటీ గెలిపించారు. అదే ఏడాది ఆయన రాసిన ‘సెల్యూట్ టు ఫ్రీడమ్’ బెల్ వ్యూలో పోటీ రచన అయింది. 1951 నుంచి 1963 వరకు బ్రిటిష్ బ్యాండ్స్‌మన్ పత్రికకు సంపాదకుడిగా ఉన్నారు. గనుల్లో, మిల్లుల్లో పనిచేసే వాయిద్యకారుల ముందుకు భక్తిని పోటీ రచన రూపంలో తీసుకెళ్లారు. ఇది చిన్న పని కాదు. బహుమతి కోసం వచ్చినవాళ్ల చేత నెలల తరబడి ప్రార్థన సాధన చేయించడం లాంటిది.

1950లో బెల్ వ్యూ పోటీ కోసం వచ్చిన ‘రెసర్గామ్’ అలాంటిదే. లాటిన్‌లో ఆ మాటకు ‘నేను తిరిగి లేస్తాను’ అని అర్థం. నీతిమంతుల ఆత్మలు దేవుని చేతిలో ఉన్నాయన్న సొలొమోను జ్ఞానగ్రంథ వాక్యం దాని వెనుక ఉంది. బరువుగా, చీకటిగా మొదలవుతుంది. దుఃఖం ఒకసారి, ఓదార్పు ఒకసారి పైకి వస్తుంటాయి, ఏదీ రెండోదాన్ని తొందరగా గెలవదు. ఇందులో మీకు తెలిసి ఉండవలసిన కీర్తనంటూ లేదు. దగ్గరివారిని పోగొట్టుకున్న ఎవరికైనా అర్థమవుతుంది. మొదటి ఎంపికగా బాల్‌ను చెప్పడానికి నా అసలు కారణం ఇదే. సంస్థ గోడ దాటాక ఆయనకు తన భక్తిని మాటల ఊతం లేకుండా చెప్పక తప్పలేదు, చెప్పగలిగారు కూడా.

1967లో జాతీయ పోటీకి రాసిన ‘జర్నీ ఇంటు ఫ్రీడమ్’ కూడా ఇలాగే నేరుగా అందుతుంది. సంస్థ బ్యాండ్ల కోసం రాసే బాల్ ఎలా ఉంటాడో వినాలంటే ‘ద కింగ్‌డమ్ ట్రయంఫెంట్’ వినండి. దానికి మాత్రం చిన్న సన్నాహం కావాలి. అందులో ‘వేని ఇమ్మానుయేల్’, ‘హెల్మ్స్‌లీ’ అనే రెండు ట్యూన్లు ఉన్నాయి. మొదటిది క్రిస్మస్‌కు ముందు ఎదురుచూపుల కాలంలో పాడేది, రెండోది క్రీస్తు మేఘాల మీద మళ్లీ వస్తాడని పాడేది. ఆ రెండు కీర్తనలు ముందుగా ఒక్కొక్కసారి విని, తర్వాత ఈ రచన వినండి. చివర్లో హెల్మ్స్‌లీ బ్యాండ్ మొత్తంతో లేచే క్షణానికి ఒళ్లు గగుర్పొడుస్తుంది. ముందుగా వినకపోతే అది కేవలం పెద్ద శబ్దంగా మిగిలిపోతుంది.

లోటు లేదా అంటే ఉంది. బాల్ సంగీత భాష పందొమ్మిదో శతాబ్దపు ఐరోపా వాసన వేస్తుంది. ఆధునిక సంగీతం ఎక్కువగా వినేవారికి ఇది మరీ తీపిగా అనిపించవచ్చు. వారికి తర్వాతి పేరు సరిపోతుంది.

విల్‌ఫ్రెడ్ హీటన్: బీరువాలో ఉండిపోయిన సంగీతం

షెఫీల్డ్‌లో 1918లో పుట్టారు. కుటుంబం సాల్వేషన్ ఆర్మీదే. బతుకుతెరువు ఇత్తడి వాద్యాలు తయారుచేసే, బాగుచేసే చిన్న సంస్థలో పని. వాద్యం లోపలి గొట్టాలు చేత్తో తెలిసిన మనిషి రాసిన సంగీతమని వింటుంటే అనిపిస్తుంది. ఏ వాద్యాన్ని ఎక్కడ దాకా లాగవచ్చో ఆయనకు కచ్చితంగా తెలుసు, అక్కడి దాకా లాగుతారు కూడా. తర్వాత స్వరకర్త మాత్యాస్ సైబర్ దగ్గర చదువుకున్నారు. బార్టోక్, స్ట్రావిన్‌స్కీ లాంటి ఇరవయ్యో శతాబ్దపు ఆధునిక స్వరకర్తల స్వరభాషను కీర్తన ట్యూన్ల మధ్యకు తెచ్చారు.

సంస్థ ప్రచురణ విభాగానికి అది మింగుడు పడలేదు. ‘టొకాటా’ కుర్రతనంలో రాసింది. సంస్థలో నలుగురూ సరదాగా పాడుకునే చిన్న పాట ట్యూన్ తీసుకుని పరుగులు పెట్టించారు. అది అచ్చులోకి రావడానికి దశాబ్దాలు పట్టింది. మరికొన్ని రచనలకూ అదే గతి పట్టింది. ఆయన ఆధ్యాత్మిక తత్వవేత్త రుడాల్ఫ్ స్టైనర్ ఆలోచనల వైపు మళ్లి, ఉపాధ్యాయుడిగా స్థిరపడి, చాలా ఏళ్లు దాదాపు రాయడమే మానేశారు.

బయటి లోకమూ ఆయన్ను ఆదరంగా చూడలేదు. 1973 జాతీయ పోటీ కోసం రాయించుకున్న ‘కాంటెస్ట్ మ్యూజిక్’ తగినది కాదని పక్కన పెట్టారు. మూడు భాగాల ఆ రచనే 1982లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో పోటీ రచనగా మోగింది. కోరీ బ్యాండ్ గెలిచింది. తొమ్మిదేళ్లు పక్కన పడి ఉన్న ఆ రచనను ఇప్పుడు బ్రాస్ బ్యాండ్ సాహిత్యంలో శిఖరాల్లో ఒకటిగా లెక్కిస్తారు. 2000లో ఆయన కన్నుమూసే నాటికి ‘వేరియేషన్స్’ అసంపూర్ణంగా ఉండిపోతే బ్యాండ్ కండక్టర్ హోవర్డ్ స్నెల్ పూర్తిచేశారు. ఆ కాగితాలు వేళకు అచ్చయి ఉంటే ఆయన ఇంకెన్ని రాసేవారో అని తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టు ఉంటుంది.

నేను చేసిన పొరపాటు ‘కాంటెస్ట్ మ్యూజిక్’తో మొదలుపెట్టడం. మీరు ‘ప్రెయిజ్’ మార్చ్‌తో మొదలుపెట్టండి. నాలుగు నిమిషాల లోపే. మార్చ్ అనుకుని అడుగు వేయబోతే కాలు తడబడుతుంది, అయినా ముఖం మీద నవ్వు వస్తుంది. ఆ తర్వాత ‘టొకాటా’. మూడోది ‘జస్ట్ యాజ్ ఐ యామ్’ అనే నెమ్మదైన ధ్యాన రచన. తెలుగు క్రైస్తవులకు ఇది దగ్గరి బంధువు లాంటిది, ఎందుకంటే ‘ఉన్నపాటున వచ్చుచున్నాను’ కీర్తనలోని భావమే దాని భావం. అయితే ట్యూన్ మన కీర్తన ట్యూన్ కాదు. వరస కోసం వెతక్కుండా ఆ మాటలు మనసులో పెట్టుకుని వినండి. హీటన్ స్వరాలు ఎంత వెతుక్కుంటూ, ఎంత సంకోచిస్తూ దగ్గరికొస్తాయో వినబడుతుంది. ఉన్నపాటున రావడం అంత తేలిక కాదని తెలిసినవాడు రాశాడనిపిస్తుంది.

వాయించడానికి మాత్రం హీటన్‌ను ఎంచుకోవద్దు. గట్టి బ్యాండ్లకే అవి టెన్షన్ పెట్టే రచనలు.

ఎరిక్ లైడ్జెన్: వెళ్లి తిరిగొచ్చినవాడు

స్టాక్‌హోమ్‌లో 1894లో పుట్టి, 1915లో అమెరికా చేరారు. న్యూయార్క్ సాల్వేషన్ ఆర్మీ బ్యాండ్ల కచేరీలకు వెన్నెముక అయ్యారు. 1933లో అప్పటి అమెరికా అధిపతి ఇవాంజిలిన్ బూత్‌తో బహిరంగంగా మాట పట్టింపు వచ్చి సంస్థ నుంచి తప్పుకున్నారు. మన బాపట్ల, నిడుబ్రోలు ఆసుపత్రులకు ఉన్నది ఆ బూత్ పేరే, వ్యవస్థాపకుడు విలియం బూత్ కూతురు. సంస్థకు దూరంగా ఉన్న ఏళ్లలో లైడ్జెన్ ప్రసిద్ధమైన గోల్డ్‌మన్ బ్యాండ్‌కు అరేంజర్‌గా (ఉన్న పాటలను వాద్యాలకు అమర్చేవాడిగా) పనిచేశారు. ఆ తర్వాత మళ్లీ సాల్వేషన్ ఆర్మీకి రాయడం మొదలుపెట్టి, 1962లో చనిపోయేదాకా రాస్తూనే ఉన్నారు.

బయట చేసిన అరేంజర్ పని ఆయన చేతికి మంచి పదును పెట్టింది. ఏ వాద్యం పక్కన ఏది పెడితే శుభ్రంగా వినిపిస్తుందో ఆయన దగ్గరే నేర్చుకోవాలి. యూఫోనియమ్ సోలో ‘సాంగ్ ఆఫ్ ద బ్రదర్’, ట్రాంబోన్‌కు రాసిన ‘కాంచెర్టినో’, కార్నెట్ సోలో ‘వండ్రస్ డే’, మూడూ వినదగ్గవే. యూఫోనియమ్ మన బ్యాండ్ మేళాల్లోనూ ఉన్న వాద్యమే, కానీ అది ఇంత పాడగలదని నాకు లైడ్జెన్ వినే దాకా తెలియదు.

ఆయన లోతు మాత్రం చిన్న అమరికల్లో ఉంది. ‘రిచ్‌మండ్’ అనే కీర్తన ట్యూన్‌కు ఆయన చేసిన అమరిక కొద్ది నిమిషాలే. ఒక్కో చరణానికి కింది స్వరాలు ఎలా మారుతున్నాయో చూస్తే, మాటలు చదువుకుంటూ రాశాడని తెలిసిపోతుంది. అరేంజింగ్ నేర్చుకునే విద్యార్థికి ఐదుగురిలో మొదటి గురువు ఈయనే, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

రే స్టెడ్‌మన్-అలెన్: లోపలే ఉండి గోడను జరిపినవాడు

బ్రిస్టల్‌లో సాల్వేషన్ ఆర్మీ అధికారుల బిడ్డగా పుట్టి, జీవితమంతా సంస్థలోనే ఉన్నారు. హీటన్ కాగితాలు ఆగిపోయిన సంగీత విభాగంలోనే పనిచేసి, చివరికి దానికే అధిపతి అయ్యారు. 1960ల మధ్యలో పియానో, బ్యాండ్ కలిపి రాసిన ‘క్రైస్ట్ ఈజ్ ద ఆన్సర్’ అప్పటి శ్రోతలను ఉలిక్కిపడేలా చేసింది. అపశ్రుతుల్లా వినిపించే స్వరాల మధ్య నుంచి కీర్తన తల ఎత్తుతుంది.

‘ద హోలీ వార్’ మన పాఠకుల్లో కొందరికి వెంటనే దారి చూపుతుంది. యాత్రికుని ప్రయాణము రాసిన జాన్ బనియన్‌దే ఆ పేరు గల పుస్తకం, 1682 నాటిది. మనిషి ఆత్మను ఒక నగరంగా ఊహించి, దాని కోసం జరిగే యుద్ధాన్ని చెబుతుంది. ఆ కథ తెలిసి వింటే సంగీతం దానంతట అదే విప్పుకుంటుంది. తెలియకుండా వింటే గజిబిజిగా ఉంటుంది. అందుకే ఆయనతో మొదలుపెట్టేవారికి ‘లార్డ్ ఆఫ్ ద సీ’ చెబుతాను. సముద్రం, తుఫాను, దాని మీద అధికారం ఉన్నవాడు. కోస్తాలో పెరిగినవారికి దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

జీవితకథ కోసం చదివేవారికి ఇక్కడ నాటకీయత తక్కువ. కానీ ఓపికగా, లోపల ఉండి, రచన తర్వాత రచనగా శ్రోతల చెవులను మార్చడం కూడా ఒక జీవితమే.

డీన్ గాఫిన్

న్యూజిలాండ్‌వాసి. రెండో ప్రపంచ యుద్ధంలో మధ్యప్రాచ్యంలోని న్యూజిలాండ్ సేనల బ్యాండ్‌లో బ్యాండ్‌మాస్టర్‌గా చేశారు. ‘రాప్సడీ ఇన్ బ్రాస్’ 1949లో బెల్ వ్యూ పోటీ రచన అయింది. తర్వాత సంస్థ పనికే అంకితమై, 1983లో సర్ బిరుదు అందుకున్నారు. పెద్ద రచనల సంఖ్య తక్కువ. కానీ ‘ద లైట్ ఆఫ్ ద వరల్డ్’ ఒక్కటి చాలు ఆయన్ను గుర్తుపెట్టుకోవడానికి. హోల్మన్ హంట్ గీసిన ప్రసిద్ధ చిత్రం దానికి మూలం: ముళ్లు, తీగలు అల్లుకుపోయిన తలుపు, చేతిలో లాంతరుతో బయట నిలబడి తట్టుతున్న క్రీస్తు. ఆ తలుపుకు బయటి వైపు పిడి లేదు, లోపలివారే తీయాలి. ఆ చిత్రాన్ని ఫోన్‌లో తెరిచి పెట్టుకుని వినండి. ఏ ఇంగ్లిష్ కీర్తన తెలియకపోయినా పర్లేదు.

ఇక మీ సంగతి

మీరు సంగీతం వింటారు కానీ క్రైస్తవ కీర్తనల నేపథ్యం లేదంటే, బాల్ రెసర్గామ్, తర్వాత గాఫిన్. ఇక్కడ రెండో ఆలోచన వద్దు.

కర్ణాటక సంగీతమో, పాశ్చాత్య శాస్త్రీయమో లోతుగా నేర్చుకున్నవారైతే బాల్‌ను ఒక వారంలో ముగించి నేరుగా హీటన్‌కు వెళ్లండి. ఒక చిన్న పల్లవిని ఎన్ని రకాలుగా విప్పవచ్చో చూడ్డం అలవాటున్న చెవికి ‘సెలెస్టియల్ ప్రాస్పెక్ట్’ అనే వేరియేషన్లు పండగలా ఉంటాయి.

విదేశాల్లో ఉంటున్న తెలుగువారికి ఒక సౌకర్యం ఉంది. లండన్, న్యూయార్క్, టొరాంటో, మెల్‌బోర్న్ లాంటి నగరాల్లో సాల్వేషన్ ఆర్మీ బ్యాండ్లు ఆదివారం ఆరాధనలో వాయిస్తాయి. క్రిస్మస్ రోజుల్లో వీధుల్లోనూ కనిపిస్తాయి. ఈ సంగీతాన్ని స్పీకర్లో వినడం వేరు, 25 ఇత్తడి గొట్టాల ముందు నాలుగడుగుల దూరంలో నిలబడి వినడం వేరు. బాస్‌లు పట్టిన స్వరం పాదాల్లోంచి పైకి వస్తుంది. అక్కడ ఏ స్వరకర్త మోగితే ఆయనే మీ మొదటి ఎంపిక.

చర్చిలో నాలుగైదు ఇత్తడి వాద్యాలు, ఒక కీబోర్డ్ ఉన్న బృందం నడుపుతున్నవారికి నా సలహా కొంచెం వేరు. పై ఐదుగురి పెద్ద రచనల నోట్స్ కొనకండి. అవి పూర్తి బ్యాండ్ కోసం రాసినవి, సగం గొంతులు లేకపోతే ఎముకల గూడులా వినిపిస్తాయి. సాల్వేషన్ ఆర్మీ ప్రచురణల్లో పెద్ద బ్యాండ్లకు ఫెస్టివల్ సిరీస్ ఉన్నట్టే, చిన్న బ్యాండ్లకు ట్రయంఫ్ సిరీస్, యూనిటీ సిరీస్ ఉన్నాయి. వాటితో మొదలుపెట్టండి, మధ్యలో లైడ్జెన్ కీర్తన అమరికలు విని పోకడ పట్టుకోండి.

వాయించేటప్పుడు ఒక సాంకేతిక విషయం కొంపలు ముంచుతుంది. బ్రాస్ బ్యాండ్ నోట్స్‌లో కార్నెట్ ‘సి’ వాయిస్తే కీబోర్డ్ మీద బి-ఫ్లాట్ మోగుతుంది. టెనార్ హార్న్ ‘సి’ అయితే ఇ-ఫ్లాట్. యూఫోనియమ్‌కు, బాస్‌లకు కూడా కార్నెట్ లాగే పై క్లెఫ్‌లోనే (ట్రెబుల్ క్లెఫ్) రాస్తారు, మోగేది మాత్రం చాలా కింద. కీబోర్డ్ వాయించే తమ్ముడికి కార్నెట్ కాగితం ఇచ్చేసి ‘కలిసి వాయించండి’ అంటే మొదటి పాటకే గందరగోళం. అతనికి ఒక టోన్ కిందికి మార్చి రాసివ్వండి, లేదా ట్రాన్స్‌పోజ్ బటన్ మైనస్ రెండుకు పెట్టమనండి.

చివరగా, ఇంట్లో ఎవరినో పోగొట్టుకుని, ఓదార్పు కోసం ఈ సంగీతం వైపు వచ్చినవారు ఉంటారు. అలాంటివారికి పోలికలూ పట్టికలూ అనవసరం. రాత్రి ఇల్లు సద్దుమణిగాక, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, రెసర్గామ్ మొదటి నుంచి చివరి దాకా మధ్యలో ఆపకుండా వినండి. పది పన్నెండు నిమిషాలే. రెండోసారి వినేటప్పుడు పైన పాడే కార్నెట్లను వదిలేసి, కింద బాస్‌లు ఏం చేస్తున్నాయో దాన్ని మాత్రమే వెంబడించండి.